"సా వకాస్" అంటే చివరికా, ఎట్టకేలకా? ఫిలిపినో కథల్లో సంఘటనల వరస

ప్రశ్న: ఫిలిపినో (ఫిలిప్పీన్స్ జాతీయ భాష) వాచకాల్లో కథ కింద "పగ్సుసునొద్-సునొద్ నంగ్ మంగా పంగ్యయారి" అనే అభ్యాసం ఉంటుంది కదండీ. సునొద్ అంటే వెంట రావడం. జరిగినవాటిని అంకెలు వేసి ఒకదాని వెంట ఒకటి పేర్చడమన్నమాట. తెలుగు తెలిసిన పిల్లలకు ఇది నేర్పేటప్పుడు "చివరికి" అనేదానికి సా వకాస్ అని చెప్పేయవచ్చా? తీసుకున్న కథ తాబేలు, కోతి, అరటిచెట్టు: దొరికిన అరటి మొక్కను రెండు ముక్కలు చేసి పంచుకుంటాయి.

జవాబు: చెప్పేయకండి. ఎదురుచూసింది ఇన్నాళ్లకు జరిగిందన్న ఊరట సా వకాస్‌లో ఉంటుంది. అది మన "ఎట్టకేలకు". "సా వకాస్, నమతాయ్ అంగ్ హారి" అంటే రాజు ఎప్పుడు పోతాడా అని కాచుక్కూర్చున్నట్టు వినిపిస్తుంది. మామూలు "చివరికి"కి సా హులి చాలు. వాచకాల్లో వరస చెప్పే మాటల పట్టికల్లో ఈ రెండూ అట్టడుగున పక్కపక్కనే ఉంటాయి. దాంతో సా వకాస్ కనబడగానే పిల్లలు ఆ వాక్యాన్ని ఆఖరి అంకెకు నెట్టేస్తారు. మీ కథలోనే చూడండి: "సా వకాస్, నముంగా అంగ్ సాగింగ్ నంగ్ పగొంగ్". ఎట్టకేలకు తాబేలు నాటిన అరటిచెట్టు కాసింది. ఇది కథకు నడిమధ్య. కోతి చెట్టెక్కడం, తాబేలును ఏట్లో పారేయడం అన్నీ దీని తర్వాతే.

మరొకరు: కినాబుకాసన్ కూడా చెప్పండి. బూకస్ అంటే రేపు, కినాబుకాసన్ అంటే మర్నాడు. కథ తిరిగి చెప్పమంటే పిల్లలు బూకస్ అనేస్తారు. "రేపు కోతి వచ్చింది" అన్నట్టుంటుంది. తెలుగులోనూ ఇదే తేడా ఉంది కాబట్టి మనవాళ్లకు ఒక్కసారి చూపిస్తే పట్టుబడుతుంది.

మొదటి జవాబు ఇచ్చినవారు: అవునండీ. అసలు చిక్కు మాత్రం పగ్కతాపోస్ (తర్వాత) దగ్గర. మనం "నాటిన తర్వాత" అంటాం, "నాటిన" జరిగిపోయిన పని. ఆ అలవాటుతో "పగ్కతాపోస్ నగ్తనిమ్" అని, నగ్తనిమ్ (నాటింది) అనే పూర్తయిన రూపంతో రాస్తారు. అది తప్పు, మగ్తనిమ్ (నాటు) అనే మామూలు రూపంతో "పగ్కతాపోస్ మగ్తనిమ్" అనాలి. తర్వాత అన్న సంగతి పగ్కతాపోస్ చెప్పేసింది కాబట్టి క్రియకు పని పూర్తయిందన్న గుర్తు అక్కర్లేదు. "బాగో" (ముందు) తర్వాత కూడా అంతే. కుమాయిన్ (తిను), ఉమక్యాత్ (ఎక్కు) లాంటి క్రియల్లో ఆ రెండు రూపాలూ ఒకటే, కాబట్టి తప్పు బయటపడదు. పరీక్షించేటప్పుడు మగ్-తో మొదలయ్యే క్రియలే ఇవ్వండి.

బాగో వరసను తిరగేస్తుంది కూడా. "బాగో ఉమువి, హినాతి నిలా అంగ్ పునో": ఇంటికి పోయేముందు చెట్టును పంచుకున్నారు. ముందు కనబడేది ఇంటికి పోవడం, ముందు జరిగింది పంపకం. కళ్లకు కనబడ్డ వరసలో అంకెలు వేసే పిల్లలంతా ఇక్కడ దొరికిపోతారు. ఇలాంటి వాక్యం ఒక్కటి తప్పకుండా పెట్టండి. రెండు మూడు పెడితే మాత్రం అది కథ పాఠం కాదు, వ్యాకరణ పాఠమైపోతుంది.

ప్రశ్న వేసినవారు: పిల్లలు వరసలో పేర్చడానికి కథను ఎన్ని చీటీలు చేయమంటారు? ఎనిమిది రాసుకున్నాను.

మరొకరు: ఆరు చాలండి. మొక్క దొరకడం, పంచుకోవడం, తాబేలు నాటిన చెట్టు కాపుకు రావడం, కోతి ఎక్కి ఒక్కతే తినడం, ముళ్లు గుచ్చుకుని తాబేలు మీద పగపట్టడం, ఏట్లో పారేయడం. కోతి ముక్క ఎండిపోవడాన్ని విడి చీటీ చేయకండి. తాబేలు ముక్క చిగురించిందీ ఆ రోజుల్లోనే, అక్కడ సమంతాలా (అదే సమయంలో) వాడతారు. "హాబంగ్ కుమకాయిన్ అంగ్ మత్సింగ్, నగ్లగాయ్ నంగ్ తినిక్ అంగ్ పగొంగ్" కూడా అంతే. కోతి తింటూ ఉండగా తాబేలు ముళ్లు పెట్టింది. రెండు పనులు ఒకే వేళ జరుగుతుంటే ఏది నాలుగు, ఏది ఐదు అని అడగడం అన్యాయం. హాబంగ్ (ఉండగా) వాక్యం ఎప్పుడూ ఒకే చీటీ మీద ఉండాలి.

ఈ కథ రకరకాలుగా చెబుతారు, వాటిలో ఏది వాడుతున్నారో కూడా ముందే తేల్చుకోండి. ఫిలిప్పీన్స్ రచయిత హోసే రిసాల్ 1889లో లండన్ పత్రికలో ఈ కథను ఒక జపాన్ కథతో పోల్చి రాశారు. ఆయన చెప్పిన ఫిలిపినో కథలో చెట్టు చుట్టూ ముళ్లు కావు, పదునైన నత్తగుల్లలు. ఇంట్లో ఒకలా విన్న పిల్ల బడిలో ఇంకోలా చదివితే చీటీల దగ్గర తడబడుతుంది.

మొదటి జవాబు ఇచ్చినవారు: ఇంకొకటి. మొదటి విడత చీటీల్లో ఉనా (మొదట), పగ్కతాపోస్, సా హులి లాంటివి తీసేయండి. ఉంచితే పిల్లలు కథ చదవరు, ఆ మాటలు చూసి పేర్చేస్తారు. వరస కుదిరాక ఆ మాటలు వాళ్ల చేతే చేర్పించండి.

ప్రశ్న వేసినవారు: మార్కులు? ఒక చీటీ జారితే అన్నీ తప్పవుతున్నాయి.

మరొకరు: స్థానం చూడకండి, జతలు చూడండి. ఆరు చీటీలకు పక్కపక్క జతలు ఐదు. ఓ పిల్లాడు 2-3-4-5-6-1 అని పేర్చాడనుకోండి, స్థానం లెక్కన సున్నా. జతల లెక్కన ఐదుకు నాలుగు. వాడికి కథ తెలుసు, మొదలెక్కడో మాత్రమే పట్టుబడలేదు. నేర్పాల్సిందల్లా "నూంగ్ ఉనంగ్ పనహొన్", అంటే "అనగనగా" వాక్యాన్ని గుర్తుపట్టడమే.