వెనక జారే బండికి వెనక స్ప్రింగు గట్టిదా, మెత్తదా?

కొర్లగుంట_ఆర్సీ:
అన్నలందరికీ నమస్కారం. నాది రిమోట్‌తో నడిపే (ఆర్సీ) 1/10 స్కేల్ ఫోర్ వీల్ డ్రైవ్ ఆన్‌రోడ్ కారు, రబ్బరు టైర్లు. తిరుపతి బయట కొత్త లేఅవుట్ల సిమెంటు రోడ్ల మీద ఆదివారాలు తోలుతాం. మలుపు మధ్యలో థ్రాటిల్ ఇవ్వగానే వెనక భాగం బయటికి కొట్టుకుపోతోంది. బాడీ కూడా బాగా ఒరుగుతోంది. ఒరగడం వల్లే జారుతోంది, వెనక గట్టి స్ప్రింగులు వెయ్యమని ఒకరంటారు. ఉన్నవి తీసి మెత్తవి వెయ్యమని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

గ్రీంస్‌పేట_బగ్గీ:
గట్టివే వెయ్ తమ్ముడా. మెత్తగా ఉంటే బండి పడవ మాదిరి ఊగతా ఉంటాది. స్టీరింగ్ తిప్పినాక ఒరిగి కుదురుకునే లోపల మలుపే అయిపోతాది. చిత్తూరులో మేము తోలేది ఆటల కోర్టు నేల మీద, అందరివీ గట్టి స్ప్రింగులే. బండి చెప్పిన మాట వింటాది.

తిరుచానూరు_షాక్‌ఆయిల్:
అన్నా, గట్టి స్ప్రింగుతో బండి చురుగ్గా తిరుగుతుందన్నది నిజమే. కానీ తమ్ముడు అడిగింది చురుకు గురించి కాదు, పట్టు గురించి.

మలుపులో లోపలి చక్రాల మీది బరువు కొంత బయటి చక్రాల మీదికి పోతుంది. ఎంత పోతుందనేది బండి బరువు, గరిమనాభి ఎత్తు, కుడి ఎడమ టైర్ల మధ్య దూరం, మలుపు తిరిగే జోరు తేలుస్తాయి. 1400 గ్రాముల బండి, గరిమనాభి 30 మి.మీ. ఎత్తున, టైర్ల మధ్య 165 మి.మీ. అనుకుందాం. పక్కకు లాగే బలం బండి బరువుకు సమానమైనప్పుడు 1400 × 30 ÷ 165, అంటే సుమారు 255 గ్రాములు అటు మారుతుంది. ఈ లెక్కలో స్ప్రింగు లేదు చూడండి. బాడీ ఒరిగినా ఒరగకున్నా దాదాపు అంతే బరువు మారుతుంది. స్ప్రింగు చేసేదల్లా ఆ 255 గ్రాములను ముందు జతకెంత, వెనక జతకెంత అని పంచడం. వెనక గట్టిపరిస్తే వెనక వాటా పెరుగుతుంది.

టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. కాబట్టి లోపలి టైరు పోగొట్టుకున్నంత బయటి టైరు సంపాదించలేదు. ఎక్కువ వాటా మోసే జతకు మొత్తం మీద పట్టు తగ్గుతుంది. వెనక జారే బండికి వెనక గట్టి స్ప్రింగు వేస్తే జారుడు పెరిగేది అందుకే. వెనక మెత్తబరచు, లేదా ముందు గట్టిపరచు. వెనక యాంటీ రోల్ బారు (ఒరగకుండా కుడి ఎడమలను కలిపి గట్టిపరిచే కడ్డీ) ఉంటే మొదట దాన్ని తీసి చూడు, షాకులు విప్పే పనుండదు.

గ్రీంస్‌పేట_బగ్గీ:
లెక్క బాగానే ఉండాది. ఒరిగేకొద్దీ క్యాంబర్ (చక్రం నిలువుగా కాక పక్కకు వాలే కోణం) మారి బయటి టైరు అంచు మీద నిలబడితే పట్టు యాడ నుంచి వస్తాది? మా కోర్టు మీద మెత్తగా వేస్తే బోల్తానే కొడతాది.

తిరుచానూరు_షాక్‌ఆయిల్:
క్యాంబర్ మాట ఒప్పుకుంటా. అందుకే చక్రం పైభాగం లోపలికి వాలేలా నెగటివ్ 1.5 నుంచి 2 డిగ్రీలు పెట్టి, టైరు ఏ అంచున అరుగుతోందో చూస్తూ సర్దాలి. బోల్తా కొట్టడం మాత్రం పట్టు ఎక్కువైన నేల సమస్య. తమ్ముడిది పట్టు లేని నేల. రెంటికీ ఒకే మందు పనిచేయదు.

కరకంబాడి_టైర్లు:
స్ప్రింగుల కన్నా ముందు నేల సంగతి చూడండి. ఆ లేఅవుట్లలో ఎర్ర దుమ్ము, ఒక్క రౌండు తిరిగితే టైరంతా పొర. తుడవకుండా సెటప్ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఎండాకాలం సిమెంటు కాలిపోతుంటే మెత్తటి కాంపౌండ్ (టైరు రబ్బరు రకం) మరీ మెత్తబడి జిడ్డుగా జారుతుంది, అప్పుడు గట్టి కాంపౌండ్ కావాలి. షాకులో సిలికాన్ ఆయిలే అయినా వేడికి కొంత పలచబడుతుంది. పొద్దున 350 సీఎస్‌టీ చిక్కదనం ఆయిల్‌తో బాగున్న బండి మధ్యాహ్నం ఎగిరెగిరి పడితే స్ప్రింగును తిట్టకూడదు.

తిరుచానూరు_షాక్‌ఆయిల్:
దుమ్ము నాలుగు టైర్లకీ ఒకటే కదన్నా? ముందు పట్టుండి వెనక లేదంటే అది పంపకంలో తేడానే.

కరకంబాడి_టైర్లు:
నాలుగూ ఒకేలా అరిగితే మీ మాట సరే. వెనకవి ముందే అరిగుంటే? లోపలి ఫోమ్ ఒకదాంట్లో నలిగిపోయుంటే? రిమ్ము దగ్గర గమ్ ఊడుంటే? ఇవేవీ మీ లెక్కకు అందవు.

కొర్లగుంట_ఆర్సీ:
చూశానన్నా. గమ్ బాగుంది. వెనక రెండూ ముందువాటికన్నా నున్నగా ఉన్నాయి. వెనక బారు ఉంది, టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగిన కోణం) 2 డిగ్రీలు, వెనక డిఫ్‌లో (రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లపెట్టె) 10000 చిక్కదనం ఆయిల్.

తిరుచానూరు_షాక్‌ఆయిల్:
థ్రాటిల్ ఇచ్చినప్పుడే జారుతోందంటే ఆ డిఫ్ ఆయిల్ మీద కూడా నాకు అనుమానమే. అంత చిక్కగా ఉంటే లోపలి, బయటి చక్రాలు కలిసే తిరగాలని చూస్తాయి, దుమ్ము నేల మీద రెండూ ఒకేసారి పట్టు వదులుతాయి. 5000కి దించు. టో-ఇన్ 3 చెయ్. బండిని 3 మి.మీ. దించగలిగితే మారే బరువే పాతిక గ్రాములు తగ్గుతుంది, కానీ సిమెంటు జాయింట్లకు ఛాసీ కొట్టుకోకుండా చూసుకో. మొదట మాత్రం బారు తీసెయ్.

కరకంబాడి_టైర్లు:
నేనొప్పుకోను. మొదట టైర్లు అటువి ఇటు వెయ్ తమ్ముడూ. ముందు జత వెనక్కి, వెనక జత ముందుకి, ఇంకేమీ ముట్టుకోకు. జారుడు తగ్గితే స్ప్రింగుల జోలికే పోనక్కర్లేదు.

గ్రీంస్‌పేట_బగ్గీ:
అది చేసినాక కూడా జారితే నా దగ్గర గట్టి స్ప్రింగుల సెట్టు ఉండాది, ఆదివారం తెస్తా. అదే రోడ్డు మీద రెండూ వేసి స్టాప్‌వాచ్ పెట్టుకుని చూద్దాం.