నానమ్మ చేతులు పూర్తి చెయ్యాలా, అలా వదిలెయ్యాలా?

బొగ్గుగీత: ఆయిల్‌లో మా నానమ్మ బొమ్మ వేస్తున్నా, దీపానికి వత్తులు చేస్తూ కూర్చున్నట్టు. ముఖం అయింది, చీర అయింది, చేతులు మాత్రం మూడు నెలలుగా బొగ్గు గీతల్లోనే ఉన్నాయి. మూడుసార్లు రంగు వేసి మూడుసార్లూ తడి ఆరకముందే టర్పెంటైన్ గుడ్డతో తుడిచేశా (బొగ్గు చెరక్కుండా ముందే ఫిక్సేటివ్ స్ప్రే కొట్టా కాబట్టి గీతలు బతికాయి). వత్తి చేసేటప్పుడు ఆవిడ వేళ్ళు ఒక్క క్షణం ఆగేవి కావు, గీతల్లో కదులుతున్నాయి, రంగు వెయ్యగానే చచ్చుబడిపోతున్నాయి. ఇలాగే వదిలేస్తే తప్పా?

పాతబ్రష్: తప్పే. చేతులు రాని ప్రతివాడూ చెప్పే మాటే ఇది, ఏమనుకోకు. లియోనార్డో డావిన్చీ అంతటివాడు 1481లో ఫ్లోరెన్స్ దగ్గర మఠంవాళ్ళకి బొమ్మ ఒప్పుకుని సగంలో వదిలేసి మిలాన్ చెక్కేశాడు, వాళ్ళు ఇంకొకాయన చేత వేయించుకునేసరికి 1496. ఇవాళ ఆ సగం బొమ్మని ఉఫీజీ మ్యూజియంలో నోరెళ్ళబెట్టి చూస్తాం సరే, ఆ పదిహేనేళ్ళు ఎదురుచూసినవాళ్ళని అడగాలి.

ఖాళీకాన్వాస్: అన్నా, వదిలెయ్యడం వేరు, ఆగడం వేరు. 1899లో సెజాన్ అనే ఫ్రెంచ్ చిత్రకారుడు, వొలార్ అనే బొమ్మల వ్యాపారిని 115 సార్లు కూర్చోబెట్టి వేశాడు, అయినా చేతి మీద రెండు చిన్న చోట్ల రంగు పెట్టలేదు. ఇదేంటని అడిగితే, అక్కడ ఏదో ఒకటి పూసేస్తే ఆ చోటు నించి మొత్తం బొమ్మ మళ్ళీ వేసుకోవాల్సొస్తుందన్నాడని వొలారే రాసుకున్నాడు. ఇదీ చేతకానితనమేనా?

కరక్కాయ: శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకున్నదాన్ని, మీ గొడవ చూస్తే నవ్వొస్తోంది. కరక్కాయ, పాలు పట్టిన గుడ్డ మీద బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నీళ్ళతో గీత పడిందా, ఇక తుడవడాల్లేవు. ఒక వేలు వంకరపోతే మిగతా చెయ్యి ఆ వంకరకి సర్దుకోవాల్సిందే. మీకు టర్పెంటైన్ ఉంది కాబట్టే ఇన్ని డౌట్లు తమ్ముడూ.

పాతబ్రష్: కరక్కాయ గారికి దండం. తమ్ముడూ, ఈసారి గుడ్డ దాచేసి వెయ్యి.

బొగ్గుగీత: దాచా. నిన్న రాత్రి వేళ్ళ జోలికి పోకుండా మధ్యలో పత్తికి మాత్రం తెలుపు పెట్టా. చెయ్యి కదిలింది! కానీ ఇప్పుడు పక్కనున్న చీర అంచు మరీ అరుస్తోంది, అదేమో ఎప్పుడో ఆరిపోయింది. గీకమంటారా?