సమస్య: తుమ్మిపూవు నీడఁ దోట నిలిచె

నిర్వాహకుని మాట: తొలకరి పడగానే ఎవరూ నాటకుండానే పెరటిలో మొలిచి, మోకాలెత్తైనా పెరగకముందే కణుపు కణుపునా తెల్లని పూలు తొడిగే తుమ్మిమొక్కను కలుపుగా ఎంచి పీకివేయడం మనకు అలవాటైపోయింది. గులాబీకీ మందారానికీ దక్కిన పద్యాలలో ఒక పాలైనా దీనికి దక్కాలన్న కోరికతో ఈ సమస్యను ఇచ్చాను. ఛందస్సు ఆటవెలది, ఇచ్చినది నాలుగవ పాదం; ముందరి మూడు పాదాలనూ చెప్పి పద్యాన్ని నింపడమే పూరణ. గోరంత పువ్వు నీడలో తోట యావత్తూ ఎలా నిలిచిందన్నదే విప్పవలసిన చిక్కు.

రాజమహేంద్రవరం సభ్యురాలి పూరణ:

తేనెటీగ వచ్చెఁ దెల్లని పూవెంచి
కాకరవిరి మీఁదఁ గాలు మోపఁ
బాదు నిండఁ గాసెఁ బచ్చని కాయలు
తుమ్మిపూవు నీడఁ దోట నిలిచె

విమర్శ: నీడను ఆశ్రయంగా గ్రహించి చిక్కు విప్పిన తీరు ఎంతో బాగుంది. కాకరకు ఆడపూలు, మగపూలు వేరువేరుగా పూస్తాయి కనుక పుప్పొడిని మోసుకొచ్చే ఈగ లేనిదే పిందె నిలవదు; ఆ ఈగను పెరటికి రప్పించినది తుమ్మిలోని తేనె అన్న సంగతి మూడు పాదాలలో ఇమిడిపోయింది. ఛందస్సులో దోషమేదీ లేదు.

వరంగల్లు సభ్యుని పూరణ:

నేల మీఁది చీమ నిలిచి తలెత్తఁగ
వెండిగొడుగు వోలె విరిసి యుండ
దాని చూపునందుఁ దరువయ్యె నా మొక్క
తుమ్మిపూవు నీడఁ దోట నిలిచె

విమర్శ: చీమ కన్నుతో చూడడం ఇంతవరకు వచ్చిన పూరణలలో నాకు మిక్కిలి నచ్చిన ఊహ. అయితే "వెండిగొడుగు" అతకలేదు. తుమ్మిపూవు గొడుగులా గుండ్రంగా విచ్చుకోదు. తులసి కుటుంబంలోని చాలా పూలకు వలెనే దానికి రెండు పెదవులుంటాయి, కింది పెదవి వెడల్పుగా ముందుకు చాచి ఉంటుంది, పూలన్నీ కణుపు చుట్టూ గుత్తిగా కూడి ఉంటాయి. "వెల్లపూలగుత్తి విరిసి యుండ" అంటే గణాలూ (గురులఘువుల కూర్పు), యతీ (పాదం మొదటి అక్షరానికీ నాలుగవ గణం మొదటి అక్షరానికీ ఉండవలసిన పొత్తు) చెడవు, పూవు తన రూపంతోనే కనిపిస్తుంది. ఇంత చిన్న పూవు మీద పద్యం చెప్పేవారు యతిని ఎంత శ్రద్ధగా చూచుకుంటారో, వంగి ఆ పూవునూ అంత శ్రద్ధగా చూడాలని నా కోరిక.

బెంగళూరు సభ్యుని పూరణ:

శివుని శిరసునందుఁ జేరిన చిన్నది
పెరటి మూలఁ దానె నేఁడు పెరిగెఁ
గాపు కాయువాఁడు కైలాసవాసుఁడే
తుమ్మిపూవు నీడఁ దోట నిలిచె

విమర్శ: తుమ్మిపూలు శివపూజకు ప్రీతికరమన్న నమ్మకాన్ని ఆధారంగా తీసుకోవడం సముచితం. రెండవ పాదంలో "పె"కు "నే"తో యతి కుదరలేదు. చివరి రెండు పదాలను తారుమారు చేసి "పెరిగె నేఁడు" అంటే చాలు. అప్పుడు పాదం చివరి ద్రుతం (తరువాతి కకారాన్ని గకారంగా మార్చే నకారం) తొలగి మూడవ పాదం "గాపు" అని కాక "కాపు" అని మొదలవుతుంది.

వినాయక చవితినాడు తెలంగాణలో తుమ్మికూర వండుకొనే ఆచారాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆదివారం వరకు గడువు ఉన్నది కనుక, ఆ వంట తెలిసినవారు పూరణ పంపవలసిందిగా ప్రార్థిస్తున్నాను.