భర్త పెత్తనం చేస్తే సర్పంచమ్మ పదవి తీసేయాలా?

పాలమూరు కార్యదర్శి:

నేను పంచాయతీ కార్యదర్శిని. 2025 డిసెంబరు ఎన్నికల్లో మా ఊరికి కొత్త సర్పంచ్ వచ్చింది. మహిళా రిజర్వేషన్ సీటు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, ఇంటర్ చదివింది. ప్రమాణ స్వీకారం రోజు తడబడకుండా గట్టిగా చదివింది. ఆ తర్వాత ఆమె గొంతు పంచాయతీ ఆఫీసులో నేను విన్నది రెండుసార్లే.

కేంద్ర ఆర్థిక సంఘం డబ్బులు తీయాలంటే కంప్యూటర్‌కు డిజిటల్ సంతకం కీలు పెట్టాలి, అందులో ఒకటి సర్పంచ్‌ది. మేం డాంగిల్ అంటాం. ఆమె డాంగిల్ వాళ్లాయన చొక్కా జేబులో ఉంటుంది. ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది. ఊరంతా సర్పంచ్ సాబ్ అని పిలిచేది ఆయన్నే. ఆమె సర్పంచ్ సాబ్ భార్య.

మొన్న ట్రాక్టరు డీజిల్ బిల్లు మీద సంతకం కోసం వాళ్లింటికి వెళ్లాను. జొన్న రొట్టెలు చేస్తోంది. పిండి చేతులు కొంగుకు తుడుచుకుని పెన్ను పట్టుకుంది. "మేడమ్, దీంట్ల ఏమున్నది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే లోపలి గదిలోంచి ఆయన "పెట్టు పెట్టు, నేను చూసిన" అన్నాడు. పెట్టేసింది.

ఇలాంటివి ఆపడానికి కేంద్ర పంచాయతీరాజ్ శాఖ కమిటీ వేసింది. భర్తల పాలన రుజువైతే గట్టి శిక్షలు ఉండాలని 2025లో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. శిక్ష ఎవరికి వేయాలన్నదే నా ప్రశ్న. అదే ఏడాది మార్చిలో ఛత్తీస్‌గఢ్ కబీర్‌ధామ్ జిల్లా పరస్వారాలో, గెలిచిన ఆరుగురు ఆడవాళ్ల బదులు వాళ్ల భర్తలు ప్రమాణం చేశారు. సస్పెండ్ అయింది పంచాయతీ కార్యదర్శి. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆమె పదవి తీసేస్తే సమస్య తీరుతుందా? మీరేమంటారు?

ముక్కుసూటి:

తీసేయాలి. నాకు ఆడవాళ్ల మీద ద్వేషం లేదు, ఆ ముద్ర ముందే వేయకండి. సంతకం పెట్టినవాళ్లదే బాధ్యత. బ్యాంకులో చూడకుండా సంతకం పెట్టిన ఉద్యోగికి "పాపం, ఇంట్లో ఒత్తిడి" అని మాఫీ చేస్తారా? చదువుకున్న మనిషి, బిల్లులో ఏముందని అడగాలన్న తెలివి ఉన్న మనిషి, జవాబు రాకుండా ఎందుకు పెట్టింది? ఆమెను అమాయకురాలని జాలిపడటం కూడా చిన్నచూపే. పదవి పోతుందన్న భయం ఉంటేనే ఆ ఇంట్లో వాళ్లు దారికి వస్తారు.

గోదారి గట్టు:

మా ఆవిడ 2021 ఫిబ్రవరిలో ప్రెసిడెంటుగా గెలిచింది. మా వైపు సర్పంచ్‌ని ప్రెసిడెంటు అనే అంటాం. ఊళ్లో నన్నే ప్రెసిడెంటు గారూ అని పిలుస్తారు. ఇంతవరకూ వద్దని చెప్పలేదు, నిజమే. కానీ నా మాటా వినండి. రాత్రి పన్నెండింటికి మంచినీళ్ల మోటారు కాలిపోయిందని ఫోనొస్తే ఆవిడ ఎక్కడికి వెళ్తుంది? తాగి కొట్టుకున్నవాళ్ల తగువుకి పోలీస్ స్టేషన్ మెట్లు ఎలా ఎక్కుతుంది? ఆవిడ చేయలేక కాదు, ఊరే ఊరుకోదు. నేను ఒక్క రూపాయి తినలేదు. మొగుడూ పెళ్లాలు కలిసి చేస్తున్నారు అనుకుంటే ఇందులో నేరం ఏముందో నాకు అర్థం కావట్లేదు.

సీతమ్మధార:

@గోదారి గట్టు గారూ, మీ ఊళ్లో ఆశా కార్యకర్త ఉంటుంది కదా. రాత్రి రెండింటికి ఎవరికో నొప్పులొస్తే వెంట వెళ్లేది ఆవిడే. ఆడది అర్ధరాత్రి ఎలా వెళ్తుందని ఆవిడ గురించి ఎవరూ అనరు. పురుటికి వెళ్లొచ్చు గానీ మోటారు దగ్గరికి వెళ్లకూడదా?

తుంగభద్ర:

ఈ చర్చలో కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కాల్వ గ్రామాన్ని గుర్తు చేయాలి. 1995లో అక్కడ ఫాతిమాబీ సర్పంచ్ అయ్యారు. మొదట్లో పంచాయతీ వ్యవహారం ఆమె చేతిలో లేదు. పొదుపు సంఘాల ఆడవాళ్లు వెనక నిలబడ్డాక ఆమె నిలదొక్కుకున్నారు. 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్లు పేదరికంపై పోరాటానికి ఇచ్చే అవార్డు ఆమెకు ఇచ్చారు. న్యూయార్క్ వెళ్లి అందుకున్నారు. ముక్కుసూటి గారి రూలే అప్పుడుంటే మొదటి ఏడాదే ఆమెను ఇంటికి పంపేవాళ్లం.

ఇంకో సంగతి. మన ఊళ్లలో డ్వాక్రా ఆడవాళ్లు బ్యాంకు లింకేజీ అప్పులు లక్షల్లో తెచ్చి, వాయిదాలు కట్టి, పుస్తకాలు రాసుకుంటున్నారు. తెలంగాణలో ఐకేపీ కేంద్రాల్లో వడ్లు తూకం వేయించి కొనేదీ వాళ్లే. తేమ ఎంత, తాలు ఎంత, ఏ లారీకి ఎన్ని బస్తాలు అన్నీ నోటికి చెబుతారు. అదే మనిషి పంచాయతీ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి "ఆడవాళ్లకేం తెలుసు" ఎలా అయిపోతుంది? నాకు తోచేది ఒక్కటే. సంఘంలో అందరూ ఆడవాళ్లే కాబట్టి ఏ మగవాడి కుర్చీ కదలలేదు. పంచాయతీలో కదులుతుంది.

లెక్కల మాస్టారు:

దీని మీద ఊహలు అక్కర్లేదు, లెక్క తీసిన పరిశోధన ఉంది. పశ్చిమ బెంగాల్లో ఏ పంచాయతీ ప్రధాన్ (మన సర్పంచ్ లాంటి) పదవి ఆడవాళ్లకు రిజర్వ్ కావాలో లాటరీ పద్ధతిలో తేలుతుంది. కాబట్టి రిజర్వ్ అయిన ఊరినీ కానిదాన్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో (తర్వాత నోబెల్ వచ్చింది) బృందం ఒకే ప్రసంగాన్ని మగ గొంతుతో, ఆడ గొంతుతో రికార్డు చేసి ఊళ్లలో వినిపించింది. మాట అదే, గొంతే వేరు. ఎప్పుడూ మహిళా ప్రధాన్‌ను చూడని ఊళ్లలో మగవాళ్లు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు. చూసిన ఊళ్లలో ఆ తేడా దాదాపు పోయింది. వరసగా రెండుసార్లు రిజర్వ్ అయిన చోట రిజర్వేషన్ లేని సీట్లకూ ఆడవాళ్లు ఎక్కువగా నిలబడి గెలిచారు. ఆడపిల్లల చదువు, ఉద్యోగాల మీద తల్లిదండ్రుల ఆశలు కూడా పెరిగాయి.

ఇందులో చేదు నిజం కూడా ఉంది, దాచను. మార్కులు మారాయి గానీ, "మీకు నాయకుడు ఎవరైతే ఇష్టం?" అంటే మగవాడే అన్న జవాబు మారలేదు. ఆమెకు చేతనవునని ఒప్పుకుంటారు, అయినా ఇష్టపడరు. చేతకాకపోవడం ఒకటి, నచ్చకపోవడం ఒకటి. మనం రెండోదాన్ని మొదటిదాని పేరుతో పిలుస్తున్నాం.

ముక్కుసూటి:

మాస్టారూ, బెంగాల్ లెక్క కాదనను. కానీ సత్తా ఉన్నవాళ్లు మహిళా రిజర్వేషన్ లేకుండానే వస్తారు కదా. సబితా ఇంద్రారెడ్డి, మేకతోటి సుచరిత, తానేటి వనిత, వంగలపూడి అనిత అందరూ హోం మంత్రులైనవాళ్లే. పోలీసు శాఖే ఆడవాళ్ల చేతికిచ్చిన రాష్ట్రం మనది.

సీతమ్మధార:

నలుగురి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగారంటేనే చూడండి, ఎంతమంది ఉన్నారో. రిజర్వేషన్ ఉన్న పంచాయతీల్లో 2011 చట్ట సవరణ పుణ్యమా అని సగం సీట్లు ఆడవాళ్లవి. లేని శాసనసభకు 2023లో తెలంగాణలో 119 మందిలో గెలిచిన ఆడవాళ్లు 10. 2014 జూన్ నుంచి 2019 సెప్టెంబరు దాకా ఆ రాష్ట్ర మంత్రివర్గంలో ఒక్క మహిళ లేదు. రెండు రాష్ట్రాల్లోనూ ఇంతవరకూ మహిళా ముఖ్యమంత్రి లేరు. సత్తా ఉన్నవాళ్లు పంచాయతీల్లో సగం మంది ఉండి, సభ మెట్ల దగ్గరికి వచ్చేసరికి మాయమైపోతారా?

పదాల పేటిక:

మన భాషనే చూడండి. మగవాణ్ణి పెద్దమనిషి అంటే నలుగురికీ తీర్పు చెప్పేవాడు. ఆడపిల్ల పెద్దమనిషి అయిందంటే చాప వేసి మూల కూర్చోబెట్టడం. మాట ఒకటే. వాడు ఊరి మధ్యకు వెళ్తాడు, ఆ పిల్ల ఇంటి మూలకు వెళ్తుంది. నా కూతురికి ఆ ఫంక్షన్ చేసినప్పుడు నేనూ ఆలోచించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది. ఆడపెత్తనం అన్న మాట మనకు తిట్టు. మగపెత్తనం అన్న మాటే ఎవరి నోటా వినను. దానికి పెత్తనం అంటే చాలు గదా.

మాజీ సర్పంచ్:

ఇన్ని దినాల నుంచి చదువుతున్న, ఇయ్యాల రాస్తున్న. 2019 నుంచి 2024 దాకా నేను సర్పంచ్‌గ చేసిన. మొదటి ఆర్నెల్లు మా ఆయననే చేసిండు. దాచేదేం లేదు.

మొదటి గ్రామసభల నాకు కుర్చీ ఏసిన్రు, దాంట్ల మా ఆయన కూసున్నడు. నేను ఆడోళ్లతోని కింద జంపఖానా మీద కూసున్న. నాకేం తప్పనిపియ్యలే, మా అత్తమ్మ పక్కకే ఉండె. బోరు కాడ మోరీ నిండి మురికి నీళ్లు పారుతున్నయని లొల్లి అయితుంది. మా ఆయన చెప్తనే ఉన్నడు, చేస్తం చూస్తం అని. ఇగ ఒక ముసలవ్వ లేచింది. "నువ్వు కూసో బిడ్డా. నేను ఓటు నీకెయ్యలే, దానికేసిన. అది చెప్పాలె" అని నా దిక్కు చెయ్యి చూపెట్టింది.

కాళ్లు వణికినయి. లేచిన. "రేపు పొద్దుగాల ఎనిమిదింటికి నేను ఆడుంట, మోరీ తీసేదాక ఉంట" అన్న. గంతే మాట. తెల్లారి పోయిన. పారలు పట్టుకొని నలుగురు సఫాయి వాళ్లు, నేను. పదకొండు దాక నిలవడ్డ. బురద చీర అంచుకు అంటి ఎండిపోయింది, ఇంటికొచ్చి రెండు బకెట్ల నీళ్లతోని ఉతికినా పోలె. మా ఆయన రెండు దినాలు నాతోని మాట్లాడలే. మూడో దినం పాస్‌బుక్కులు, చెక్కుబుక్కు తెచ్చి బల్ల మీద పెట్టిండు. ఆయన మంచోడే. ఆయనను ఆ కుర్చీల కూసోవెట్టింది ఊరు. మండలంల మీటింగ్ ఉన్నదంటే ఫోను ఆయనకే వస్తుండె, ఎందుకంటే రాసిచ్చిన నంబరే ఆయనది.

@ముక్కుసూటి అన్నా, ఆ ఆర్నెల్లల్ల నన్ను తీసేసుంటే ఏమైతుండె? ఇంకో ఆడామెను నిలవెడుదురు, ఆమె మొగడు ఏలుతుండె. నేను నేర్సుకోకపోతుంటి. బాధ్యత అంటున్నవు, అది నాకు తెలిసినంత ఎవలకు తెల్వదు. పనులు చేయించినంక బిల్లులు లేట్ అయితే నా పుస్తెలతాడు కుదువ పెట్టిన. అప్పు కాయితాల మీద సంతకం నాదే. అప్పుడు ఎవలూ సర్పంచ్ సాబ్‌ను అడగలే.

ఇంకోటి. ఈసారి మా ఊరు జనరల్ అయింది. నేను నిలవడుత అన్న. మా ఇంట్లనే కాదు, నేను మోరీ తీపిచ్చిన గల్లీల వాళ్లే "ఇప్పుడు జనరల్ గదా, నీకెందుకమ్మా" అన్నరు. జనరల్ అంటే మొగోళ్లది అని ఎవలు రాసిన్రు? నాకైతే ఇదే ఎక్కువ తక్లీబ్ అయింది.

గోదారి గట్టు:

అక్కా, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మన ఊళ్లో ఆ ముసలావిడ లేదు కదండీ" అంది. ఇంక నేనేం రాయలేకపోతున్నాను.

ముక్కుసూటి:

జనరల్ సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. నా మాట కొంచెం మారుస్తున్నాను. మొదటి ఏడాది తీసేయొద్దు. కానీ శిక్షణ ఇచ్చి, నోటీసు ఇచ్చి, ఆ తర్వాత కూడా భర్తే ఏలుతుంటే మాత్రం పదవి పోవాల్సిందే. ఓటు వేసినవాళ్లకు ఇంకో దారి ఏముంది? సమావేశంలో ఆయన్ను కూర్చోనిచ్చిన అధికారిని కూడా వదలొద్దు.

మాజీ సర్పంచ్:

ఆఫీసర్ల సంగతి మంచిగ అన్నవు అన్నా. నోటీస్ ఆమె పేరు మీద రావాలె, ఆమె చేతికే ఇయ్యాలె. మొగని చేతికి ఇస్తే ఆమెకు తెల్వనే తెల్వదు.

పాలమూరు కార్యదర్శి:

అందరికీ థాంక్స్. అక్కా, మీరు రాసిన నంబరు మాట నాకు సూదిలా గుచ్చుకుంది. కీ రిజిస్టర్ చేసిన రోజు ఫారంలో ఫోన్ నంబరు నింపింది నేనే. ఆమెను అడగలేదు. ఆయన చెప్పాడు, నేను రాశాను. నేనూ ఆడదాన్నే, నాకూ తట్టలేదు.

ఈరోజు మధ్యాహ్నం ఆయన పొలానికి వెళ్లాక వాళ్లింటికి వెళ్లాను. ఫోను ఉందా అంటే ఉంది, యూట్యూబు, వాట్సాప్ అన్నీ వాడుతుంది. నంబరు మార్చడానికి దరఖాస్తు రాసి తెచ్చాను, చదువుకోమని ఇచ్చాను. రెండుసార్లు చదివింది. "ఆయనకు చెప్పాల్నా?" అని అడిగింది. చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం, సంతకం మాత్రం మీరు చదివాకే అన్నాను. కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టుకుంది. సోమవారం ఆఫీసుకు వస్తానంది.