ఒక్క ఫొటో చూసి 'వీడే' అన్నాడు: ఆ డ్రగ్స్ శిక్ష అప్పీల్లో నిలవాలా?

పాతఫైలు:
అమెరికాలో మాన్సన్ వర్సెస్ బ్రాత్‌వైట్ కేసు గురించి అడుగుతున్నాను. 1970 మే 5న హార్ట్‌ఫర్డ్‌లో మఫ్టీలో వెళ్ళిన పోలీసు ఓ ఫ్లాట్ తలుపు కొట్టి, 20 డాలర్లకు రెండు హెరాయిన్ పొట్లాలు కొన్నాడు. తలుపు అడుగు, అడుగున్నర తెరుచుకుంది. అమ్మినవాణ్ణి చూసింది రెండు మూడు నిమిషాలు. పోలికలు విన్న మరో అధికారి ఒకే ఒక్క ఫొటో తెచ్చి ఈయన ఆఫీసులో పెట్టి వెళ్ళాడు. కొన్న రెండు రోజులకు అది చూసి 'వీడే' అన్నాడు. ఫెడరల్ అప్పీల్ కోర్టు ఈ గుర్తింపు చెల్లదంది. 1977లో సుప్రీంకోర్టు 7-2తో చెల్లుతుందంది. నాకు మింగుడుపడటం లేదు.

కోనసీమ_లాయర్:
నిలవాల్సిందేనండి. దారిన పోయేవాడు కాదు, తర్వాత పట్టుకోవాలనే ఉద్దేశంతో రెండడుగుల దూరం నుంచి చూసిన పోలీసు. పైగా తనూ నల్లజాతివాడే. ఫొటో చూడకముందే ఎత్తు, ఒళ్ళు, చెంప ఎముకలతో సహా చెప్పాడు. జులైలో నిందితుడు దొరికింది కూడా ఆ ఫ్లాట్‌లోనే!

పాతఫైలు:
ఆ ఫ్లాట్ అతనిది కాదు, చూడ్డానికి వచ్చానన్నాడు. అప్పటికి దాదాపు మూడు నెలలు గడిచాయి. ల్యాబ్ రిపోర్టు పొట్లంలో ఉన్నది హెరాయిన్ అని చెబుతుంది, అమ్మిందెవరో చెప్పదు కదా. మిగిలిందల్లా ఆ ఒక్క చూపే. నాలుగైదు ఫొటోలు కలిపి చూపించడానికి ఏం అడ్డొచ్చింది? తొందరేమీ లేదు. జస్టిస్ మార్షల్ తన అసమ్మతి తీర్పులో మండిపడింది ఇలాంటి పద్ధతి మీదే.

గంజాయి_కేసులు:
మన దగ్గర ఎన్డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కేసుల్లో ఎక్కువమంది సరుకుతోనే దొరుకుతారు కాబట్టి ఈ గొడవ తక్కువ. కారు వదిలేసి పారిపోయినవాడి విషయంలోనే అసలు చిక్కు. చీకట్లో వీపు చూసిన కానిస్టేబుల్ ఏడాది తర్వాత బోనులో నిలబడి వేలు చూపిస్తే? ముందు గుర్తింపు పరేడ్ (నలుగురిలో నిలబెట్టి సాక్షిచేత గుర్తుపట్టించడం) లేకుండా కోర్టులో తొలిసారి గుర్తుపట్టడం మీదే మామూలుగా శిక్ష వేయకూడదని, వేరే బలం కావాలని దానా యాదవ్ కేసులో మన సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. పరేడ్ దానికదే అసలు సాక్ష్యం కాదు, కోర్టులో చెప్పినదానికి ఊతం మాత్రమే.

కోనసీమ_లాయర్:
అందులో 'మామూలుగా' అన్న మాట వదిలేయకండి. సాక్షి మీద గట్టి నమ్మకం కుదిరితే మినహాయింపు ఉంది. సాక్షి తడబడ్డాడో లేదో కళ్ళారా చూసింది ట్రయల్ జడ్జి. అప్పీల్లో ఉండేవి కాగితాలే.

పాతఫైలు:
తడబడకుండా పొరపాటు పడేవాళ్ళతోనే నా టెన్షన్ అంతా. అన్నట్టు, సాక్షి ఎంత ధీమాగా చెప్పాడన్నదీ ఒక కొలతగా పెట్టుకున్న ఆ మాన్సన్ తీర్పు పద్ధతిని కనెక్టికట్ సుప్రీంకోర్టే 2018లో తన రాష్ట్రం వరకు పక్కన పెట్టింది. ఈ కేసు పుట్టిన రాష్ట్రమే అది.