తాగుడు మానేవాళ్ల మీటింగ్‌లకు వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మెతుకుసీమ_చెల్లి
మా అన్నకు 38 ఏళ్లు. ఇదివరకు మందు తాగేవాడు, రెండేళ్ల నుంచి రోజూ కల్లు కాంపౌండే. ఏటా అయ్యప్ప మాల వేస్తాడు. ఆ 41 రోజులూ చుక్క ముట్టడు, మాల తీసిన రాత్రే మళ్లీ మొదలు. ఈసారి మాల వేసిన మూడో రోజే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. నిష్ఠలో ఏదో తప్పు జరిగిందని అమ్మ ఏడుపు. ఆసుపత్రి నుంచి వచ్చాక మళ్లీ తాగుతున్నాడు. ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగ్‌కు తీసుకెళ్లమని ఒకాయన చెప్పాడు. అక్కడ ఏం చేస్తారు? డబ్బులు కట్టాలా? ఊరందరికీ తెలిసిపోతుందా?

ఆరేళ్లుగా_చుక్కలేదు
చెల్లీ, ఫీజు లేదు. చివర్లో ఒక డబ్బా తిప్పుతారు, చాయ్‌కీ గది అద్దెకీ. వేయకపోయినా ఎవరూ చూడరు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, ఇంకే అర్హతా అడగరు. ఇంటిపేరు కూడా చెప్పనక్కర్లేదు.

మా గ్రూపు ఒక బడిలో కూర్చుంటుంది. మొదటిరోజు నాకు దొరికింది రెండో తరగతి పిల్లల బెంచీ, మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ఒక్కొక్కరూ లేచి పేరు చెప్పి, 'నేను ఆల్కహాలిక్‌ని' అని తమ కథ చెబుతారు. మధ్యలో ఎవరూ మాట్లాడరు, సలహాలివ్వరు. ఒక పెద్దాయన చెబుతున్నాడు, బియ్యం డ్రమ్ములో క్వార్టర్ సీసా దాచేవాణ్ని అని. నేనూ అక్కడే దాచేవాణ్ని! అప్పటిదాకా ఇంత సిగ్గుమాలిన పని లోకంలో నేనొక్కణ్నే చేస్తున్నాననుకున్నా. ఆ రోజు ఇంటికెళ్లి తాగాను, అబద్ధం ఎందుకు. కానీ తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లాను.

జీవితాంతం మానమని ఎవరూ అనరు. ఈ 24 గంటలు, అంతే. ఏడాది నిండితే బర్త్‌డే అని కేక్ కోస్తారు. నాకు 40 దాటాక వచ్చిన మొదటి బర్త్‌డే అది.

ఊళ్లో తెలుస్తుందని భయమైతే పక్క పట్నంలో మీటింగ్‌కు వెళ్లండి. నేను రెండు బస్సులు మారి వెళ్లేవాణ్ని.

వార్డు_అక్క
ఆగండి, మీటింగ్ కంటే ముందు ఇది చదవండి. డీఅడిక్షన్ వార్డులో నర్సుగా చేశాను. ఆ ఫిట్స్‌కీ స్వామివారికీ సంబంధం లేదని అమ్మగారికి చెప్పండి. మన వైపు కాంపౌండ్లలో చాలాచోట్ల కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం లాంటి మత్తుమందులు కలుపుతారు. ఒళ్లు వాటికి అలవాటు పడ్డాక ఒక్కసారిగా ఆపితే వణుకు, నిద్ర పట్టకపోవడం, ఎవరో పిలుస్తున్నట్టు వినిపించడం, ఫిట్స్. 2020 లాక్‌డౌన్‌లో కాంపౌండ్లు మూసేసినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఎంతమంది వచ్చారో గుర్తుందా? చాలావరకు ఇదే. బ్రాందీ, విస్కీ లాంటి మందు మానినా ఇలాంటివి వస్తాయి, మొదటి మూడు నాలుగు రోజులు ప్రాణం మీదికి రావచ్చు.

కాబట్టి ఈసారి మాలతోనో, ఒట్టుతోనో హఠాత్తుగా ఆపించకండి. ముందు సైకియాట్రిస్టు దగ్గరికి. కల్లు అని దాచకుండా చెప్పాలి. వాళ్లు మాత్రలతో మెల్లగా దించుతారు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14446కు చేయండి, టోల్ ఫ్రీ. మీటింగ్ ఆ తర్వాత బతుకంతా పనికొస్తుంది.

పప్పుచారు_పాపం
నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. వాళ్లకు తెలియకుండా అన్నంలో కలిపితే మానేస్తారని ఎవరో మాత్రలిస్తే మా ఆయనకు పప్పుచారులో కలిపాను. ఆయన ఆ రాత్రి తాగొచ్చారు. మొహం ఎర్రగా కందిపోయి, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోయింది. డాక్టర్ నన్ను తిట్టిన తిట్లు నేను మర్చిపోను. అది డైసల్ఫిరాం అట, మనిషికి చెప్పి, ఒప్పించి మాత్రమే ఇవ్వాలట.

తర్వాత నేను ఇంటివాళ్ల మీటింగ్‌కు వెళ్లడం మొదలుపెట్టాను, అల్-అనాన్ అంటారు. తాగేవాళ్లు రాకపోయినా మనం వెళ్లొచ్చు. ఆయన ఇంకా పూర్తిగా మానలేదు. నేను మాత్రం రాత్రి పదింటికి గేటు దగ్గర నిలబడటం మానేశాను.

తూర్పుగాలి
నాకు ఏఏ పడలేదు. దేవుడి మాట ఎక్కువనిపించింది. కౌన్సెలింగ్, మాత్రలతో మానాను. అందరికీ అదే దారి అనకండి.

ఆరేళ్లుగా_చుక్కలేదు
నిజమే తమ్ముడూ. మా గ్రూపులో ఒకాయన నాస్తికుడు, ఆయన దృష్టిలో దేవుడంటే ఆ చాయ్ కెటిల్. ఏడేళ్లుగా వస్తున్నాడు.

ఒహాయో_గోపి
ఏఏ పుట్టింది అమెరికాలో మా పక్కనే, ఒహాయో రాష్ట్రం యాక్రన్‌లో, 1935లో. ఇక్కడి గొడవ ఎక్కువగా ఫెంటనిల్, హెరాయిన్ లాంటి మత్తుమందు. ప్రాజెక్ట్ డాన్ అని ఈ రాష్ట్రంలో నలాక్సోన్ ముక్కు స్ప్రే, అంటే ఓవర్‌డోస్ అయినవాళ్లను బతికించే మందు, ఉచితంగా ఇస్తారు, ఎలా కొట్టాలో నేర్పుతారు. ఆగస్టు 31న ఓవర్‌డోస్‌తో పోయినవాళ్ల ఫొటోలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించే సభకు వెళ్లాను. తల్లులే ఎక్కువ. అక్కడే ట్రైనింగ్ ఇచ్చి ఒక కిట్ చేతిలో పెట్టారు, కారులో ఉంటుంది. మన దగ్గర కల్లుకు కూడా ఇది పనిచేస్తుందా అక్కా?

వార్డు_అక్క
చేయదు. నలాక్సోన్ హెరాయిన్, ఫెంటనిల్, ట్రమడాల్ లాంటి వాటికే. ఆల్ప్రజోలం మీదా, మందు మీదా దానికి పట్టు లేదు. మత్తులో మనిషి లేపినా లేవకపోతే, గురక వింతగా వస్తుంటే, పెదాలు నీలమైతే 'దిగిపోతుందిలే, పడుకోనీ' అనొద్దు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, 108కి చేయండి, ఊపిరి చూస్తూ పక్కనే ఉండండి. మజ్జిగ, నిమ్మరసం గొంతులో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

ఇంకోటి. మానిన కొన్ని వారాలకే ఒళ్లు పాత అలవాటు మర్చిపోతుంది. మళ్లీ పాత కోటా తీసుకుంటే తట్టుకోలేదు. మాల తీసిన రాత్రి అంటే నాకు భయం అందుకే.

ఆరేళ్లుగా_చుక్కలేదు
ఇది మేం చూశాం. ఎనిమిది నెలలు మానిన ఒకతను బావమరిది పెళ్లిలో జారాడు. దాన్ని మేం స్లిప్ అంటాం. సిగ్గుతో మీటింగ్‌కు రాలేదు, ఫోన్ ఎత్తలేదు. రాలేదు కదా అని మేమూ వారం ఊరుకున్నాం. గదిలో ఒక్కడే మందు మీద నిద్రమాత్రలు వేసుకున్నాడు, పొద్దున లేవలేదు. ఇప్పుడు ఎవరైనా ఒక్క ఆదివారం రాకపోతే సాయంత్రానికి ఇద్దరం వాళ్లింటికి వెళ్తాం. తిట్టం, అడగం. చాయ్ తాగి వస్తాం.

మెతుకుసీమ_చెల్లి
అందరికీ దండాలు. నిన్న అన్నతో మాట్లాడాను. మీటింగ్ మాట ఎత్తగానే 'నేను తాగుబోతునా?' అని లేచిపోయాడు. ఫిట్స్ మళ్లీ రాకుండా డాక్టర్ దగ్గరికి అంటే మాత్రం సరే అన్నాడు, సోమవారం వెళ్తున్నాం. అప్పటిదాకా ఆపమని ఒత్తిడి చేయట్లేదు. అమ్మకు ఫిట్స్ సంగతి చెప్తే నమ్మలేదు, గుడికి పోయింది. ఇంటివాళ్ల మీటింగ్‌కు నేనే వెళ్దామనుకుంటున్నా. అక్కా, మీది ఎక్కడో చెప్తారా?

పప్పుచారు_పాపం
ఇక్కడ రాయను, అక్కడికొచ్చే వాళ్లకు ఇబ్బంది. మెసేజ్ చేశాను చూడండి. బస్టాండుకు నేనొస్తాను, మొదటిసారి ఒక్కరే లోపలికి రావడం కష్టం.

వార్డు_అక్క
సోమవారం అన్నయ్య ఇప్పుడు వాడుతున్న మాత్రల చీటీ మర్చిపోకండి.