సీబూ లయన్స్ లాంటి టీమ్ ఎందుకిలా అయిపోయింది?

సైతామా_కుర్రోడు:
జపాన్ వచ్చి రెండేళ్లు దాటింది, క్రికెట్ పిచ్చోణ్ని, ఆఫీసోళ్లతో సీబూ లయన్స్ సొంత గ్రౌండైన తొకొరొజవా స్టేడియంకి వెళ్లి వెళ్లి బేస్‌బాల్ కూడా తలకెక్కింది. 2024లో సీబూ 143 మ్యాచుల్లో 91 ఓడిపోయింది, చూడలేకపోయా అసలు. పక్క సీట్లో పెద్దాయనేమో 80ల్లో మమ్మల్ని ఆపేవాడే లేడు అన్నాడు. నిజమేనా? ఎక్కడ దెబ్బతిన్నారు?

డగౌట్_బావ:
నిజమే తమ్ముడూ. మోరి మసాఆకి మేనేజర్‌గా ఉన్న 1986–94లో, 9 ఏళ్లకి 8 సార్లు పసిఫిక్ లీగ్ (జపాన్ రెండు లీగుల్లో ఒకటి), 6 సార్లు జపాన్ సిరీస్ (ఆ రెండు లీగుల విజేతల ఫైనల్) గెలిచారు. లీగ్ తప్పింది 1989 ఒక్కటే, కింటెట్సు టీమ్ బ్యాటర్ బ్రయంట్ ఒకే రోజు రెండు మ్యాచుల్లో కలిపి 4 హోమ్ రన్లు కొట్టి నోటికాడి కూడు లాగేశాడు. నువ్వు 1987 జపాన్ సిరీస్ ఆరో మ్యాచ్ వీడియో చూడు. త్సుజి ఫస్ట్ బేస్ మీదున్నాడు, అకియామా సెంటర్‌కి మామూలు సింగిల్ కొట్టాడు, ఎవడైనా థర్డ్ బేస్‌లో ఆగిపోతాడు, త్సుజి ఆగకుండా హోమ్‌కి వచ్చేసి పరుగు తీశాడు. ఎదుటి టీమ్ జయంట్స్ ఫీల్డర్ క్రొమార్టీ బంతి తీరిగ్గా విసురుతాడని వీళ్లు ముందే కనిపెట్టి పెట్టుకున్నారు. చివర్లో ఇంకో ఔట్ మిగిలుండగానే సీబూ ఆటగాడు కియొహరా ఫస్ట్ బేస్ దగ్గర నిలబడి ఏడ్చేశాడు, 20 ఏళ్ల కుర్రాడు, రెండేళ్ల కిందట డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లని టీమ్‌లు ఎంచుకునే చోట) తనని కాదని కువాతా అనే కుర్రాణ్ని తీసుకున్న టీమే ఎదురుగా ఉంది మరి.

పాత_స్కోర్‌బుక్:
నన్నడిగితే నెమొతో రికువో వెళ్లిపోవడమే అసలు దెబ్బండీ. 1978లో సీబూ వాళ్లు ఫుకుఓకా టీమ్‌ని కొని ఇక్కడికి తెచ్చాక ఆటగాళ్లని ఏరి ఏరి తెచ్చింది ఆయనే. 1993కి పోటీ టీమ్ దాయెయ్ హాక్స్‌కి మేనేజర్‌గా వెళ్లారు. ఆ సీజన్ అవగానే అకియామా ట్రేడ్‌లో అటే, మరుసటేడు కుదో, ఇషిగే కూడా అటే. అప్పుడే ఫ్రీ ఏజెన్సీ (కొన్నేళ్లు ఆడినవాడు నచ్చిన టీమ్‌కి వెళ్లే హక్కు) కూడా వచ్చింది కదా, కియొహరా 1996 తర్వాత జయంట్స్‌కి వెళ్లిపోయాడు. ఆ హాక్సే ఇప్పటి సాఫ్ట్‌బ్యాంక్, ఎవరి ఇల్లు ఎవరు కట్టారో చూడండి.

డగౌట్_బావ:
అంతా అక్కడే అయిపోలేదండీ. 2004, 2008లో జపాన్ సిరీస్ గెలిచారు, 2018, 2019లో లీగ్ గెలిచారు, ఆ రెండేళ్లూ మేనేజర్ ఆ త్సుజీయే. 2018 సీజన్ అయినప్పట్నుంచే కికుచి, అసమురా, ఇంకో అకియామా, మోరి తొమొయా, యమకావా ఒకరి వెనక ఒకరు పోయారు, వాళ్ల చోట్లో నిలబడే బ్యాటర్లు రాలేదు, నాకు కడుపు రగిలేది అందుకే. 2024 మేలో మేనేజర్ మత్సుయి కజువో తప్పుకుంటే జనరల్ మేనేజర్ వతనబే హిసనోబు, ఆ 80ల పిచ్చరే, డగౌట్‌లోకి దిగాడు, అయినా మ్యాచులు చేజారిపోతూనే ఉన్నాయి.

సైతామా_కుర్రోడు:
త్సుజి పరుగు పదిసార్లు చూశా అన్నా. ఆ మ్యాచ్ మన తొకొరొజవాలోనే జరిగిందంట కదా, పెద్దాయన కనబడితే ఆ రోజు ఎక్కడ కూర్చున్నారో అడుగుతా.